నవల చదివించి సందేశం అడగొద్దు

హైస్కూల్లో తెలుగు మాస్టారి బల్ల మీద పేర్చిన ప్రాజెక్టు పుస్తకాల్లోంచి, నవల మీద చేసినది ఒకటి తీసి చూడండి. ఏ ఊరి బడిలోనైనా దాని వాలకం ఒకటే. స్కెచ్ పెన్నుతో పూల అంచు గీసిన అట్ట, లోపల ఎ4 కాగితాలు, పక్కన స్పైరల్ బైండింగు. మొదటి పేజీలో కృతజ్ఞతలు, రెండో పేజీలో విషయసూచిక, మూడో పేజీలో నెట్ సెంటర్లో కలర్ ప్రింటు తీయించి అతికించిన రచయిత ఫొటో. ఆ తర్వాత రచయిత పరిచయం, కథాసంగ్రహం, ముఖ్య పాత్రలు. చిట్టచివర ‘ఈ నవల ఇచ్చే సందేశం’ అని ఎర్ర సిరాతో శీర్షిక, దాని కింద నాలుగు ముక్కలు: మంచే గెలుస్తుంది, అహంకారం పనికిరాదు, పెద్దల మాట వినాలి, ఐకమత్యమే బలం. ఆ నాలుగు ముక్కల్నీ కత్తిరించి ఇంకో నవల ప్రాజెక్టు చివర అతికించినా ఎవరూ కనిపెట్టలేరు. ఇందులో పిలకాయల తప్పు లేదు. మనం అడిగిన ప్రశ్నకు అంతకంటే మంచి జవాబు రాదు. నవలలో అసలు విషయం అంటే చివర్లో రాసే నీతి అని వాళ్లకు నేర్పింది మనమే, నేర్పినట్టే రాస్తున్నారు. నేను అనేదల్లా ఇది: నవల మీద ప్రాజెక్టు ఇస్తే సందేశం అడగడం మానేయాలి. ఒక ప్రశ్నను పట్టుకుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా నడవమనాలి. దారిలో దొరికిన ఆధారాలు రాసుకోమనాలి, ఎక్కడ అభిప్రాయం మారిందో గుర్తు పెట్టుకోమనాలి. ఇది చేయడానికి మన గూడూరు లాంటి ఊరికి కొత్త పథకమూ అక్కర్లేదు, పెద్ద ఖర్చూ లేదు.

నవల విద్యార్థుల చేతికి వెళ్తే ఏమవుతుందో ఒకప్పటి మద్రాసు ప్రభుత్వానికి మనకంటే బాగా తెలుసు. ఉన్నవ లక్ష్మీనారాయణ రాసిన ‘మాలపల్లి’ 1922లో అచ్చయితే 1923లో నిషేధం పడింది. తర్వాత కొన్ని మార్పులతో మళ్లీ బయటికి వచ్చింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం దాన్ని పాఠ్యపుస్తకంగా పెట్టుకున్నాక, 1936లో సర్కారు రెండోసారి నిషేధించింది. 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చాక గానీ ఆ నిషేధం తొలగలేదు. కుర్రాళ్లు ఆ పుస్తకం చదివి ‘అంటరానితనం పాపం’ అని నోటుబుక్కులో రాసి ఊరుకుంటారనుకుంటే తెల్లదొరలు అంత కంగారు పడేవారు కాదు. ఆ నవలలో రామదాసు అనే ఆయన కొడుకులు ఇద్దరూ రెండు దారులు పడతారు. భూస్వామి చౌదరయ్య దెబ్బకు సంగదాసు ప్రాణం పోతుంది. అతని అన్న వెంకటదాసు తక్కెళ్ల జగ్గడై, ఉన్నవాళ్ల సొత్తు దోచి లేనివాళ్లకు పంచుతాడు. ఇద్దరిలో ఎవరిది సరైన దారి? తండ్రి ఓర్పును రచయిత మెచ్చుకున్నాడు సరే, మరి కొడుకు తిరుగుబాటును అంత బలంగా ఎందుకు రాశాడు? చౌదరయ్య ఇంట్లోనే పుట్టిన రామానాయుడు సంగదాసుకు స్నేహితుడు ఎలా అయ్యాడు? ఇవి చదివినవాణ్ని కుదురుగా కూర్చోనివ్వని ప్రశ్నలు. సర్కారు భయపడింది ఆ ప్రశ్నలకే. ఇవాళ ఏ ప్రభుత్వమూ ఆ నవలను నిషేధించక్కర్లేదు. ‘కుల వివక్ష నశించాలి’ అని చార్టు మీద రాయించి గోడకు తగిలిస్తే చాలు, పుస్తకం దానంతటదే మూగబోతుంది. ఆ చార్టులో రాసిన మాట అబద్ధమని కాదు, నవల తెరవకుండానే రాయగలిగిన మాట అని. అలాంటి ప్రాజెక్టుకు మార్కులు వేయడమంటే రైలెక్కని మనిషి ప్లాట్‌ఫాం టికెట్టు చూపించి ప్రయాణం చేసొచ్చానంటే ఒప్పుకోవడమే.

మరి నవలలో వస్తువును పట్టుకోవడం ఎలా? కథ చెప్పమంటే సంఘటనలు వరసగా చెప్పొచ్చు. వస్తువు అలా ఒకచోట పోగై దొరకదు, పుస్తకమంతా పరుచుకుని ఉంటుంది. ఒకే రకమైన పరిస్థితి మళ్లీ మళ్లీ ఎదురవుతుంది, ప్రతిసారీ పాత్ర వేరుగా నడుచుకుంటుంది, ఆ తేడాల్లో అది బయటపడుతుంది. డాక్టర్ పి.శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’ ఇందుకు మంచి ఉదాహరణ. 1950ల చివర ‘తెలుగు స్వతంత్ర’లో ధారావాహికగా వచ్చిన ఈ నవలే తర్వాత 1963లో ‘చదువుకున్న అమ్మాయిలు’ సినిమాకు ఆధారమైంది. ఇందులో ఇందిర అనే అమ్మాయిని మొదటిసారి చదివిన విద్యార్థులు చాలామంది స్వార్థపరురాలు, గడుసుపిల్ల అని ఒక్కమాటలో తేల్చేయొచ్చు. సందేశం రాయమంటే ‘ఆడపిల్ల ఇందిరలా ఉండకూడదు’ అనో, ఇప్పటి గాలిని బట్టి ‘ఇందిరలా ధైర్యంగా ఉండాలి’ అనో రాస్తారు. రెండూ ఒకలాంటివే, రెండూ తొందరపాటు తీర్పులే. అదే విద్యార్థిని ఒక చిన్న పని చేయమనండి. ఇందిర ఇంట్లో జరుగుబాటు ఎవరి సంపాదన మీద, ఆ డబ్బు గురించి ఎవరు ఎప్పుడు మాట్లాడుతున్నారు, ఆమెను తప్పుబట్టేవాళ్లలో ఆమె మీద ఆధారపడి బతికేవాళ్లు ఎంతమంది అని పేజీ నంబర్లతో ఒక పట్టిక వేయమనండి. పట్టిక సగం నిండేసరికి ‘స్వార్థం’ అన్న మాట రాయడానికి కలం ఆగుతుంది. ప్రకాశం అనే మరో పాత్ర మెత్తనివాడు, మంచివాడు అనుకున్న అభిప్రాయం కూడా కొంత సడలుతుంది. కూతురి జీతం మీద కాలు మీద కాలేసుకుని బతికే తండ్రి అసలు ఎవరి ఫిర్యాదులోనూ ముద్దాయి కాడేమిటని కూడా తడుతుంది. అక్కడికి చేరిన విద్యార్థికి నవల వస్తువు ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. తన మాటల్లో తనే చెబుతాడు, మాస్టారు ఊహించని కోణంలో చెప్పినా చెబుతాడు.

గూడూరు సంగతికి వస్తే, ఈ పని మొదలుపెట్టడానికి నేను చెప్పే పుస్తకం డాక్టర్ కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’. నెల్లూరు జిల్లాలో ఉండగా గూడూరు పిల్లలకు చిత్తూరు సాహిత్యం పొరుగింటిది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారి ఊరు తిరుపతి జిల్లాలోకి వెళ్లినప్పుడు ఇంటిదే అయింది. అయితే మాటకు జిల్లా సరిహద్దులు ఎప్పుడూ లేవు. ‘రాముడుండాడు రాజ్జిముండాది’ అని నవలకు పేరు పెట్టిన రచయిత నుడి ఈ ప్రాంతంలో ఎవరికీ నిఘంటువు చూసి అర్థం చేసుకోవలసింది కాదు. కేశవరెడ్డి చిత్తూరు జిల్లా పల్లెలో 1946లో పుట్టి, నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లి ఆసుపత్రిలో కుష్ఠు రోగులకు వైద్యం చేస్తూ, రాసిందంతా దాదాపు ఈ దక్షిణపు పల్లెల గురించే రాశారు. 2015లో కన్నుమూశారు. నేను చెబుతున్న నవల చిన్నది, వారం పది రోజుల్లో తరగతిలోనే చదివి ముగించొచ్చు. కథ కూడా ఒక్క రాత్రి చుట్టూ తిరుగుతుంది. పందులు మేపుకునే ఒక ముసలివాడు, చూలుతో ఉన్న తన పంది మందతో పాటు ఇంటికి రాకపోతే దాన్ని వెతుక్కుంటూ అడవిలోకి వెళ్తాడు. చీకటి పడుతుంది. నెత్తురు వాసనకు నక్కలు చేరతాయి. ఈనిన పందికి తన పిల్లలు తప్ప లోకం లేదు, పెంచిన చేతిని కూడా నమ్మదు. ముగింపు ఇక్కడ చెప్పను, చదవబోయే పిలకాయలకు అన్యాయం చేసినట్టవుతుంది. హెమింగ్వే 1952లో రాసిన ‘ది ఓల్డ్ మాన్ అండ్ ది సీ’తో దీన్ని పోల్చడం విమర్శకులకు అలవాటు. ఆ పోలిక ఇంటర్ పిల్లలకు పనికొస్తుంది గానీ తొమ్మిదో తరగతిలో దాని అవసరం లేదు. పోలికతో మొదలుపెడితే పిల్లలు అడవిని వదిలి సముద్రం గురించి గైడులో వెతుకుతారు.

ఈ నవల మీద మామూలు ప్రాజెక్టు చివర ఏం రాస్తారో ముందే చెప్పొచ్చు: ‘మనిషి పట్టుదలతో ప్రకృతిని జయించగలడు’. పుస్తకం పేరు చూసి రాయగలిగిన వాక్యం ఇది. ఇప్పుడు దీని బదులు ఒక రూళ్ల నోటుబుక్కు తీసుకుని, ప్రతి పేజీని నిలువు గీతతో రెండుగా చేయమందాం. ఎడమవైపు నవల పేజీ నంబరు వేసి అక్కడ ఏం జరిగిందో ఒకటి రెండు ముక్కల్లో రాయాలి. కుడివైపు ఒకే ఒక్క ప్రశ్నకు జవాబు: ఈ క్షణంలో ముసలివాడు ఎవరితో పోరాడుతున్నాడు? మొదటి రోజుల్లో కుడివైపు ‘అడవితో’ అని, ‘చీకటితో’ అని ఉంటుంది. తర్వాత ‘నక్కలతో’ అని వస్తుంది. పంది అతని మీదికే తిరగబడేచోట విద్యార్థి ఏం రాస్తాడు? ‘పందితో’ అని రాసి కొట్టేయొచ్చు. ఆ కొట్టివేత ఉన్న చోటే ప్రాజెక్టుకు ప్రాణం. ఎందుకంటే పంది చేస్తున్నదీ పిల్లల్ని కాపాడుకోవడమే, ముసలివాడు చేస్తున్నదీ వాటిని కాపాడుకోవడమే. ఇద్దరికీ కావలసింది ఒకటే అయినా ఎదురుబొదురుగా నిలబడ్డారు. అక్కణ్నుంచి ‘ప్రకృతి శత్రువు’ అనే జవాబు నిలవదు. ఇంకో విద్యార్థి వేరే ప్రశ్న పట్టుకోవచ్చు: అతనిది ధైర్యమా, గతిలేనితనమా? పంది పోతే పోయిందని ఇంట్లో పడుకునే వీలు అతనికి ఉందా? ఉండి కూడా వెళ్తే ధైర్యం, లేక వెళ్తే దాన్ని ఏమనాలి? ఈ ప్రశ్నకు పుస్తకం అవుననీ అనదు, కాదనీ అనదు, ఆధారాలు మాత్రం అటూ ఇటూ ఇస్తుంది. నోటుబుక్కు చివరి పేజీల్లో విద్యార్థి మూడు విషయాలు రాస్తే చాలు. మొదట తాను ఏమనుకున్నాడు, ఏ పేజీలో ఆ అభిప్రాయం కదిలింది, ఇప్పుడు ఏమనుకుంటున్నాడు. పూల అంచు, ఫొటో, స్పైరల్ బైండింగు ఏవీ అక్కర్లేదు.

ఈ పుస్తకమే ఎందుకంటే ఇంకో కారణం ఉంది, అది కొంచెం సున్నితమైనది. పందుల పెంపకం మీద బతికే కుటుంబాల పిల్లలు ఈ ప్రాంతపు ప్రభుత్వ బడుల్లో ఉండొచ్చు. ఆ పని పేరు తరగతిలో వినబడితే వెనక బెంచీలో నవ్వులు రావడం, ఆ పిల్లవాడు తల దించుకోవడం జరగొచ్చు. అందుకే ఈ నవల వద్దని ఎవరైనా అంటే ఆ జాగ్రత్తను నేను తీసిపారేయను. కానీ మాస్టారు కాస్త తెలివిగా నడిపితే ఫలితం తిరగబడుతుంది. చూడి పంది మందను వదిలి ఎందుకు పోతుంది, ఈనే ముందు చోటు ఎలా వెతుక్కుంటుంది, పిల్లలు పుట్టాక దాని దగ్గరికి ఎటువైపు నుంచి వెళ్లాలి, ఎంత సేపు ఆగాలి, ఈ సంగతులు తెలిసినవాడు తరగతిలో ఆ పిల్లవాడొక్కడే. డాక్టరు గారి కొడుక్కీ తెలియవు, మాస్టారికీ తెలియవు. రచయిత రాసింది నిజంగా అలాగే ఉంటుందా అని ఆ పిల్లవాణ్ని అడగాల్సి వస్తుంది. వాళ్ల తాతను అడిగి వచ్చి చెబితే అది కూడా ప్రాజెక్టులో ఆధారమే. తెలుగు పాఠ్యపుస్తకంలో పాఠాల చివర ‘ప్రాజెక్టు పని’ అని ఉంటుంది. సమాచారం సేకరించండి, పెద్దల్ని అడిగి తెలుసుకోండి అని అందులో అడుగుతూనే ఉన్నారు. అడిగి తెలుసుకోవలసిన పెద్దల్లో పందుల కాపరి కూడా ఒకడు కావడం బడికి కొత్త. నిమ్మతోటలో కూలికి వెళ్లే తల్లి, అభ్రకం గనిలో పనిచేసిన తాత, రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసిన తండ్రి ఉన్న ఊరిది. పోగొట్టుకోలేనిది పోతుందేమోనన్న భయంతో చీకట్లోకి నడిచిన మనిషి కథ వీళ్ల ఇళ్లలో ప్రతిధ్వనించకుండా ఉండదు. నవల వస్తువు పిల్లల బతుకులోకి ఇలా వస్తే అది వాళ్లది అవుతుంది. లేకపోతే మార్కుల కోసం మోసే బరువుగానే ఉంటుంది.

దీనికి వచ్చే అభ్యంతరాలు చిన్నవి కావు, కొన్ని నిజం కూడా. ముందుగా టైము. పదో తరగతి మార్కులతోనే ట్రిపుల్ ఐటీ సీటు, ఆ తర్వాత ఎంసెట్, ఇప్పటి పేరు ఈఏపీసెట్. తల్లిదండ్రులు లెక్కల ట్యూషన్‌కు డబ్బు కడతారు గానీ నవలకు గంట ఇవ్వరు. నా జవాబు ఏమంటే, నేను కొత్త గంట అడగడం లేదు. పరీక్షల పేర్లు తరచూ మారుతున్నా, నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చినప్పటి నుంచి చదివిన పుస్తకంపై స్పందన రాయడం, ప్రాజెక్టు పని చేయడం అనే రెండు అంశాలకు బడిలో చోటు ఉంది, మార్కులూ ఉన్నాయి. ఆ చోటులో ఇప్పుడు చార్టులు కూర్చున్నాయి. వాటిని లేపి నోటుబుక్కును కూర్చోబెట్టమంటున్నాను, అంతే. పైగా పదో తరగతిని వదిలేద్దాం. ఎనిమిది, తొమ్మిది తరగతులు ఇందుకు అనువైనవి. ఆ వయసులో తీర్పులు తొందరగా చెబుతారు, కాబట్టి ఆ తీర్పుల్ని తామే మార్చుకోవడం ఎలా ఉంటుందో తెలుసుకోవలసిన వయసూ అదే. ఇంకో సంగతి, మీడియం ఇంగ్లీషు అయ్యాక ప్రభుత్వ బడి పిల్లలకు తమ భాషలో ఆలోచించి వాదించే అవకాశం తెలుగు పీరియడ్ ఒక్కటే. ఆ పీరియడ్‌లో కూడా గైడు జవాబులు ఎక్కించుకుంటూ కూర్చుంటే వాదన నేర్చుకునే చోటు ఇంకెక్కడుంది?

రెండో అభ్యంతరం మరింత గట్టిది: బడిలో వేసే మార్కులను ఎవరు నమ్ముతారు? ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి పరీక్షలో అంతర్గత మూల్యాంకనానికి ఇచ్చిన 20 మార్కులను ప్రభుత్వం 2019లో రద్దు చేసింది. ప్రైవేటు బడులు తమ పిల్లలందరికీ ఇరవైకి ఇరవై వేసుకుంటున్నాయన్న ఆరోపణే దానికి ముఖ్య కారణం. ఆరోపణలో నిజం లేదని అనలేం. పోస్టరుకో, ప్రింటుకో మార్కు వేసే పద్ధతిలో మోసం చాలా సులువు. ఇప్పుడు ఫోన్లో కృత్రిమ మేధ వచ్చాక నెట్ సెంటరుకు కూడా వెళ్లక్కర్లేదు, ఏ నవల పేరు చెప్పినా సారాంశం, పాత్రలు, సందేశం అరనిమిషంలో రాసిస్తుంది. కానీ గమనించండి, యంత్రం చక్కగా చేసిపెట్టేది మనం ఇన్నాళ్లూ అడిగిన ప్రాజెక్టునే. పిల్లవాడు ఏ పేజీ దగ్గర మనసు మార్చుకున్నాడో, ఏ వాక్యం రాసి కొట్టేశాడో అది చెప్పలేదు, కల్పించి చెప్పినా నిలవదు. నోటుబుక్కు ముందు పెట్టుకుని మాస్టారు మూడు నిమిషాలు అడిగితే చాలు: ఇక్కడ పందితో అని రాసి ఎందుకు కొట్టేశావు? ఆ పేజీ తెరిచి చూపించు. చదివినవాడు తడబడుతూనైనా చెబుతాడు. చదవనివాడు ఎంత ధారాళంగా మాట్లాడినా దొరికిపోతాడు. నలభై మంది ఉన్న తరగతికి మూడు నిమిషాల చొప్పున రెండు గంటలు. వారంలో మూడు పీరియడ్లకు పంచితే సరిపోతుంది. పబ్లిక్ పరీక్ష మార్కుల్లో దీన్ని కలపమని నేను అడగను. కలిపితే మళ్లీ పాత జబ్బే వస్తుంది.

మూడోది పుస్తకాల కరువు. నలభై ప్రతులు ఎవరు కొనిస్తారు? నలభై అక్కర్లేదు, ఐదు చాలు. ఆ మాటకొస్తే ఒకటి ఉన్నా మొదలుపెట్టొచ్చు, మాస్టారు గట్టిగా చదివి వినిపిస్తే. రెండో తరగతి పాఠం తడుముకోకుండా చదవలేని ఐదో తరగతి పిల్లల గురించి, చదువు స్థాయిని కొలిచే అసర్ సర్వేలు ఏళ్లుగా చెబుతున్నాయి. ఆ పిల్లలే తర్వాత హైస్కూలుకు వస్తారు. వాళ్లకు నవల ఎలా అని అడిగేవాళ్లకూ ఇదే జవాబు. కళ్లతో చదవలేనివాడు చెవులతో వింటాడు, విన్నదాని మీద వాదిస్తాడు, వాదించడానికి ఆధారం కావాలి గనుక పేజీ తిప్పడం మొదలుపెడతాడు. హరికథ, బుర్రకథ విని రాత్రంతా కూర్చున్న ఊళ్లకు నవల వినడం కష్టమేమీ కాదు. ఇక డబ్బు సంగతి. ఇంటి పన్నుతో పాటు మనం కట్టే గ్రంథాలయ సుంకం రూపాయికి ఎనిమిది పైసలు, 1960 గ్రంథాలయాల చట్టం ప్రకారం. ఇంటి పన్ను కట్టే ప్రతివాడూ ఇదీ కడుతున్నాడు. ఆ డబ్బుతో నడిచే శాఖా గ్రంథాలయానికి ఏటా ఏ పుస్తకాలు రావాలో అడిగే హక్కు ఊరి బడులకు, తల్లిదండ్రుల కమిటీలకు ఉంది. 2020లో పాఠశాల విద్యాశాఖ ‘చదవడం మాకిష్టం’ అని కార్యక్రమం పెట్టింది, మంచిదే. కానీ ఇష్టం ఒక్కటే చాలదు. ఒక నవలకు ఐదు ప్రతులు కలిపి కొని, బడికి నెల రోజులు అప్పిచ్చే చిన్న ఏర్పాటు గ్రంథాలయంలో ఉంటే ఈ ఏడాది ఒక బడి, వచ్చే ఏడాది ఇంకో బడి అవే ప్రతులతో పని చేసుకోవచ్చు.

పిల్లలకు తగని పుస్తకాలు కూడా ఇదే దారిలో వస్తాయేమోనన్న భయం కొందరిది. దాన్ని నేను గౌరవిస్తాను. కేశవరెడ్డిదే ‘మునెమ్మ’ గొప్ప నవల అని నమ్ముతూనే, దాన్ని తొమ్మిదో తరగతికి ఇవ్వను. వయసు చూసుకుని ఎంచుకోవడం మాస్టారి పని, అది నిషేధం కాదు. అయితే వయసు పేరు చెప్పి పేదరికం, కులం, చావు ఉన్న పుస్తకాలన్నిటినీ పక్కన పెట్టేవాళ్లతో మాత్రం నాకు పేచీ ఉంది. పిల్లల బతుకుల్లో లేనివి కావు అవి. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు ‘ఇస్కూలు పిలకాయల కత’ రాస్తే పిల్లల లోకం ఇంత ముళ్లదా అని పెద్దలు ఉలిక్కిపడ్డారేమో గానీ పిల్లలకు అందులో కొత్తేమీ ఉండదు. ‘బారిష్టర్ పార్వతీశం’ లాంటి నవ్వించే నవల అయితే గొడవే ఉండదు కదా అనొచ్చు. నిజమే, దాన్ని కూడా పెట్టొచ్చు, పెట్టాలి. కానీ మొగల్తూరు పార్వతీశం అమాయకత్వాన్ని చూసి నవ్వే మనం ఎవరి పక్షాన నిలబడి నవ్వుతున్నాం అని అడిగితే అక్కడా గొడవ మొదలవుతుంది. ఏ మంచి నవలా గొడవ లేకుండా ఉండదు.

చివరి అభ్యంతరం సాహిత్యం బాగా తెలిసిన మాస్టార్ల నుంచే వస్తుంది, నాకు అదే ముఖ్యమైనది. పిల్లవాడికి తోచిందే జవాబు అయితే తప్పొప్పులు ఎవరు చెబుతారు, ముసలివాడు గ్రహాంతరవాసి అని రాసినా మార్కు వేయాలా అని. లూయీజ్ రోజెన్‌బ్లాట్ అనే అమెరికా ఆచార్యురాలు 1938లో ‘లిటరేచర్ యాజ్ ఎక్స్‌ప్లొరేషన్’ అనే పుస్తకం రాసింది. పాఠకుడి అనుభవం లేకుండా సాహిత్యం పూర్తికాదని ఆమె వాదించింది. ఏ అర్థమైనా సరేనని మాత్రం ఆమె అనలేదు, పుస్తకంలోని మాటలకు నిలబడే అర్థానికే విలువ ఉంటుందని అంది. మన దగ్గర ఈ సంగతి వాడుకలోకి రావడానికి సిద్ధాంతం అవసరం లేదు, కోర్టులో సాక్ష్యం అడిగినట్టు పేజీ నంబరు అడిగితే చాలు. ముసలివాడు ఓడిపోయాడని ఒకరు, గెలిచాడని ఇంకొకరు, గెలుపు ఓటముల లెక్క అతనికి పట్టలేదని మరొకరు రాస్తారు. ముగ్గురూ చోటు చూపించగలిగితే ముగ్గురికీ మార్కు ఉండాలి. చోటు చూపించలేని తీర్పు ఎంత ఉదాత్తంగా ఉన్నా దానికి మార్కు ఉండకూడదు. మాస్టారి అభిప్రాయం వేరైతే ఆయనా తరగతిలో తన పేజీ చూపించి వాదించాలి. పుస్తకం బల్ల మీద తెరిచి ఉన్నంతసేపు ఆయన మాటకు విద్యార్థి మాట కంటే ఎక్కువ బరువు ఉండక్కర్లేదు. దీనికి ఒప్పుకునే మాస్టార్లు గూడూరులో ముగ్గురు నలుగురు దొరికినా, సంక్రాంతి సెలవుల తర్వాత వచ్చే ప్రాజెక్టు పనిలోనే దీన్ని మొదలుపెట్టొచ్చు. అప్పటిదాకా కావలసింది ఐదు ప్రతులు, తరగతికి నలభై రూళ్ల నోటుబుక్కులు, ‘సందేశం’ అనే శీర్షికను కొట్టేయడానికి మాస్టారి చేతిలో ఒక ఎర్ర పెన్ను.